యంత్రంలో ప్రక్షిప్తాలు – పై కాపరి కథ

ప్రక్షిప్తం అనే మాట తెలుగు పండిత శిక్షణ పొందినవారికి కొత్తగా చెప్పనక్కరలేదు. కవి రాయని పద్యం కావ్యంలో వచ్చి చేరితే దాన్ని ప్రక్షిప్తమంటాం. లేఖకుని చేతిలో జారిన అక్షరం వేరు, ఎవరో పనిగట్టుకొని చొప్పించిన పద్యం వేరు. మొదటిదాన్ని ఛందస్సే పట్టిస్తుంది. గణం తప్పుతుంది, యతి చెడుతుంది, ప్రాస కుదరదు. రెండవదాన్ని ఛందస్సు పట్టించలేదు. చొప్పించినవాడికీ ఛందస్సు వచ్చు కదా! వాడు లక్షణానికి ఎక్కడా లోటు రాకుండానే రాసిపెడతాడు. అందుకే పరిష్కర్త నాలుగు ఊళ్ళ నుంచి నాలుగు ప్రతులు తెప్పించుకొని పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తాడు. ఉన్న ప్రతి ఒక్కటే అయి, అది కూడా చొప్పించినవాడి ఇంట్లోనే ఉండి, అడిగినప్పుడు తనకు ఇష్టమైన పుటలే చూపిస్తానంటే పరిష్కర్త చేయగలిగినది ఏమున్నది?

కంప్యూటరు జ్ఞాపకంలో (మెమొరీ అని అందరూ అంటున్నదే) నడిచే ఆదేశాల విషయంలోనూ అచ్చంగా ఈ చిక్కే వచ్చింది. నడుస్తున్న ప్రోగ్రాములోకి పరాయి ఆదేశాలు చొరబడితే వాటిని పోల్చుకొనేవాడు ఎక్కడ నిలబడాలి? ఈ ప్రశ్నకు 2003 – 2008 సంవత్సరాల మధ్య కొందరు పరిశోధకులు చెప్పిన జవాబు నాకు చాలా నచ్చింది. నేను ఇంజనీరును కాను, బడిలో తెలుగు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. అయినా పాఠపరిష్కరణ సంగతి కాస్త తెలిసినవారికి ఈ చరిత్ర తేలికగా అందుతుందనే నమ్మకంతో, బ్లాగ్మిత్రుల ముందు పెడుతున్నాను.

కథ పుటలతోనే మొదలవుతుంది. మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో టామ్ కిల్‌బర్న్ నాయకత్వాన తయారైన అట్లాస్ అనే కంప్యూటరును 1962 డిసెంబరులో ప్రారంభించారు. అందులో జ్ఞాపకాన్ని 512 పదాల చొప్పున పేజీలుగా విభజించారు. కొన్ని పేజీలు వేగంగా అందే జ్ఞాపకంలో ఉంటే, మిగిలినవి అయస్కాంత డ్రమ్ము మీద ఉండేవి. ప్రోగ్రాముకు ఈ భేదం తెలియదు. అంతా ఒకే పెద్ద జ్ఞాపకమని భావించి అది ఒక చిరునామా చెబుతుంది. ఆ చిరునామాను అసలు చోటుకు మళ్ళించే ఏర్పాటు యంత్రంలో ఉంటుంది. గ్రంథాలయంలో పాఠకుడు చూసే సూచిక ఒకటి, ఏ పుస్తకం ఏ బీరువాలో ఉన్నదో చెప్పే గ్రంథపాలకుని చిట్టా మరొకటి అయినట్లు. చిట్టా ఎవరి చేతిలో ఉంటే పుస్తకాలు వారి అధీనంలో ఉన్నట్లే. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు, మిగతా కథంతా దీని విస్తరణే. ఇప్పటి సాధారణ యంత్రాలలో పేజీ అంటే 4096 బైట్లు. ఆ చిట్టాకే పేజీ పట్టిక అని పేరు.

రెండవ ఘట్టం అమెరికాలోని కేంబ్రిడ్జిలో జరిగింది. అక్కడి ఐబీఎం శాస్త్ర కేంద్రంలో రాబర్ట్ క్రీసీ, లెస్ కోమో మొదలైనవారు 1964లో సీపీ–40 అనే వ్యవస్థను తలపెట్టారు. సిస్టమ్/360 వర్గానికి చెందిన మోడల్ 40 యంత్రానికి చిరునామాలు మార్చే ప్రత్యేక ఉపకరణాన్ని తగిలించి, ఒకే యంత్రాన్ని పలు యంత్రాలుగా భ్రమింపజేశారు. 1967 నాటికి అది వాడుకలోకి వచ్చింది. ఒక్కొక్క వాడుకరికీ ఒక్కొక్క పూర్తి కంప్యూటరు తన సొంతమైనట్లే ఉండేది. ఈ దారిలోనే 1972లో వీఎం/370ను ఐబీఎం ప్రకటించింది. ఆపరేటింగ్ సిస్టమ్‌ను ఆ రోజుల్లో సూపర్‌వైజర్ అనేవారు. ఆ సూపర్‌వైజర్ మీద కూడా పెత్తనం చేసేది గనుక దీనికి హైపర్‌వైజర్ అని పేరు వచ్చింది. నేను దీన్ని ‘పై కాపరి’ అంటాను. దాని కింద నడిచే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అతిథి అంటారు. అతిథికి తాను అతిథినన్న సంగతి తెలియకపోవడమే ఇందులోని చమత్కారం.

1974లో జెరాల్డ్ పోపెక్, రాబర్ట్ గోల్డ్‌బర్గ్ అనే ఇద్దరు ఈ విద్యకు లక్షణగ్రంథం వంటి వ్యాసం రాశారు. పై కాపరి కింద నడిచినా ప్రోగ్రాము ప్రవర్తన మారకూడదు, వేగం మరీ తగ్గకూడదు, వనరులన్నీ పై కాపరి అదుపులోనే ఉండాలి అన్నవి వారు చెప్పిన మూడు లక్షణాలు. మన బల్లల మీదికి వచ్చిన ఇంటెల్ వర్గపు ప్రాసెసర్లు ఈ లక్షణాలకు లొంగేవి కావు. పెంటియం ఆదేశాలలో 17 ఇందుకు అడ్డుపడుతున్నాయని 2000లో ఒక పరిశోధనలో లెక్క తేల్చారు. అయితే అంతకు ముందే, 1999లో, వీఎంవేర్ సంస్థ ఆ అడ్డంకిని ఉపాయంతో దాటి తన సాఫ్టువేరును విడుదల చేసింది. అడ్డుపడే ఆదేశాలను అప్పటికప్పుడు వేరే ఆదేశాలుగా అనువదించడం ఆ ఉపాయంలో ఒక భాగం. జ్ఞాపకం సంగతికి వస్తే, అతిథి తన పేజీ పట్టిక తాను రాసుకుంటూనే ఉంటుంది. పై కాపరి దాన్ని చూసి, దానికి నీడలాంటి మరో పట్టికను తయారు చేసి ప్రాసెసరుకు అప్పగిస్తుంది. అతిథి రాసుకున్నది సూచిక, అమలులో ఉన్నది నీడ పట్టిక. అంటే అసలు చిట్టా పై కాపరి చేతికి వచ్చిందన్నమాట.

ఇక ప్రక్షిప్తాల వైపుకు వద్దాం. యూనిక్స్ సృష్టికర్తలలో ఒకడైన కెన్ థాంప్సన్ ట్యూరింగ్ పురస్కారం అందుకొన్న సందర్భంలో చేసిన ప్రసంగం 1984లో అచ్చయింది. మూల ప్రోగ్రామును ఎంత శ్రద్ధగా చదివినా, దాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలరే దొంగదైతే లోపల చేరిన ప్రక్షిప్తం కంటికి కనబడదని ఆయన నిరూపించి చూపాడు. మనం చదివే ప్రతి వేరు, నడిచే ప్రతి వేరు కావచ్చునన్న ఈ ఎరుక అప్పటి నుంచీ అందరినీ వెన్నాడుతున్నది.

1992లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయంలో జీన్ కిమ్, యూజీన్ స్పాఫర్డ్ ట్రిప్‌వైర్ అనే సాధనాన్ని తయారు చేశారు. అది ప్రతి దస్త్రానికీ ఒక హ్యాష్ లెక్కకట్టి దాచుకుంటుంది. హ్యాష్ అంటే దస్త్రంలోని అక్షరాలన్నిటినీ కలిపి తీసిన ఒక ముద్ర అనుకోండి. ఒక్క అక్షరం మారినా ముద్ర మారిపోతుంది. ఛందస్సులాగా లక్షణం తెలిసినవాడు మోసగించగలిగేది కాకుండా, అదే ముద్ర వచ్చే వేరొక పాఠాన్ని తయారు చేయడం అసాధ్యప్రాయం కావాలన్నదే మంచి హ్యాష్‌కు లక్షణం. అయితే ట్రిప్‌వైర్ వంటివి దస్త్రాన్ని చదవాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడగాలి. దాని గర్భగుడి అయిన కెర్నెల్‌లోనే దొంగ కూర్చుంటే ‘అంతా పదిలమే’ అని పాత పాఠాన్ని చూపిస్తాడు. ఇటువంటి వాటినే రూట్‌కిట్లు అంటారు. 2005లో సోనీ బీఎంజీ సంస్థ పాటల సీడీలలో పెట్టిన నకలు నిరోధక సాఫ్టువేరు కూడా ఇలా దాక్కొనేదేనని మార్క్ రస్సినోవిచ్ బయటపెట్టినప్పుడు పెద్ద దుమారమే లేచింది. కొన్ని ప్రత్యేక అక్షరాలతో పేరు మొదలయ్యే ఏ దస్త్రాన్నైనా అది వాడుకరికి కనబడకుండా చేసేది. అంటే ప్రతి ఉన్నదీ, పుటలు చూపేవాడూ చొప్పించినవాడే!

అప్పుడు కొందరికి పై కాపరి గుర్తుకొచ్చాడు. పీటర్ చెన్, బ్రయన్ నోబుల్ 2001లోనే భద్రతకు సంబంధించిన పనులను అతిథి బయటికి, దాని కింది అంతస్తులోకి తరలించవచ్చునని సూచించారు. 2003లో స్టాన్‌ఫర్డ్‌కు చెందిన టాల్ గార్ఫింకెల్, మెండెల్ రోసెన్‌బ్లమ్ లైవ్‌వైర్ అనే నమూనాలో దాన్ని చేసి చూపారు. కాపలావాడు ఇంట్లోనే ఉంటే అన్నీ చూడగలడు గాని దొంగ మొదట వాడినే కట్టేస్తాడు. ఊరి బయట ఉంటే క్షేమంగా ఉంటాడు గాని ఏమీ చూడలేడు. పై కాపరి ఈ రెండు గుణాలనూ కలుపుతాడు. లోపలిదంతా కనబడుతుంది, లోపలివాడి చెయ్యి మాత్రం తగలదు.

అయితే ఇక్కడ ఒక కొత్త ఇబ్బంది. పై కాపరికి కనబడేవి ఉత్త బైట్లు, పేజీలు. ఏది ప్రోగ్రాము, ఏది దస్త్రం, ఏది ఎవరిది అన్న అర్థం అతిథి మనసులో ఉంటుంది. అక్షరాలు కనబడినా భాష తెలియని వానికి తాళపత్రం ఇచ్చినట్లు. దీన్నే అర్థాంతరం అన్నారు (అర్థానికీ అక్షరానికీ మధ్యనున్న దూరమన్న భావంలో). అతిథి పట్టికలను చదివి అర్థం చేసుకుందామంటే, ఆ పట్టికలనే దొంగ తారుమారు చేయవచ్చు. ఈ దూరాన్ని దాటడానికి దొంగ మార్చలేని ఆధారం ఒకటి కావాలి.

ఆ ఆధారం ప్రాసెసరు నుంచే వచ్చింది. పాత ఇంటెల్ వర్గపు యంత్రాల పేజీ పట్టికలో ‘ఇక్కడ రాయవచ్చునా’ అనే గుర్తు ఉండేది గాని, ‘దీన్ని ఆదేశంగా నడపవచ్చునా’ అనే గుర్తు ఉండేది కాదు. చదవగలిగినదల్లా నడిచేది. 1988 నవంబరులో మోరిస్ వార్మ్ వ్యాపించిన మార్గాలలో ఒకటి, సమాచారంగా పంపిన అక్షరాలను ఆదేశాలుగా నడిపించడమే. 2003లో ఏఎండీ సంస్థ తన 64 బిట్ల ప్రాసెసర్లలో ‘నడపరాదు’ అనే గుర్తును చేర్చింది. ఇంటెల్ కూడా ఆ బాటనే పట్టింది. రాయగలిగే పేజీ నడవకూడదు, నడిచే పేజీలో రాయకూడదు అన్న నియమం ఆ కాలంలోనే స్థిరపడింది. ఓపెన్‌బీఎస్‌డీ వంటి వ్యవస్థలు దాన్ని సొంతంగా పాటించాయి. కాని ఆ నియమాన్ని కెర్నెలే అమలు చేస్తే, కెర్నెల్‌ను లొంగదీసుకున్న దొంగ ఆ గుర్తునూ చెరిపేస్తాడు. గుర్తు ఉన్న పట్టిక పై కాపరి చేతిలో ఉంటే చెరపలేడు.

2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన అరవింద్ శేషాద్రి, మార్క్ లుక్, నింగ్ చు, ఆడ్రియన్ పెరిగ్ సెక్‌వైజర్ అనే చిన్న హైపర్‌వైజర్‌ను ప్రకటించారు. దాని పని ఒక్కటే: కెర్నెల్ అధికారంతో నడిచే ప్రతి ఆదేశమూ ముందుగా ఆమోదం పొందినదై ఉండాలి. మామూలు ప్రోగ్రాములు నడిచేటప్పుడు కెర్నెల్ పేజీలు నడవవు, కెర్నెల్ నడిచేటప్పుడు మామూలు ప్రోగ్రాముల పేజీలు నడవవు. ఒక స్థితి నుంచి మరొక స్థితికి మారే ప్రతిసారీ పై కాపరి పట్టికలో గుర్తులు మారుస్తుంది. ప్రాసెసరు ప్రమేయం లేకుండా జ్ఞాపకంలో నేరుగా రాయగల పరికరాలను కూడా అది అడ్డుకుంటుంది. ఇంత చేసేదానిలో నడుస్తూ ఉండే భాగం ఒక రూపంలో 1739 పంక్తులు, ప్రాసెసరు సాయం తీసుకొనే రూపంలో 1112 పంక్తులు మాత్రమే. దాని కింద నడవడానికి, దాదాపు 43 లక్షల పంక్తులున్న లైనక్స్ కెర్నెల్‌లో 12 పంక్తులు చేర్చి 81 పంక్తులు తీసివేస్తే సరిపోయింది. కాపరి చిన్నవాడైతే కాపరిని పరీక్షించడం సులువు అన్నది వారి తర్కం. పరీక్షించారు కూడా. 2008లో అదే విశ్వవిద్యాలయంలో గణితపద్ధతిలో పరిశీలించి, అందులోని లోపాలను కనిపెట్టి సవరించారు. లక్షల పంక్తుల కెర్నెల్‌లో ఇటువంటి పరిశీలన ఊహించడమే కష్టం.

మరుసటి సంవత్సరం, 2008లో, టొరంటో విశ్వవిద్యాలయం నుంచి లయొనెల్ లిటీ, ఆంద్రెస్ లగార్–కవీయా, డేవిడ్ లీ పాటగోనిక్స్‌ను ప్రకటించారు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో పుట్టిన జెన్ అనే హైపర్‌వైజర్ మీద దీన్ని కట్టారు. నాకు అన్నిటికన్నా నచ్చినది ఇదే. దీని పద్ధతి ఇలా ఉంటుంది. మొదట అతిథి పేజీలన్నిటికీ పై కాపరి ‘నడపరాదు’ అనే గుర్తు పెడుతుంది. అతిథి ఏ పేజీలోని ఆదేశాన్ని నడపబోయినా ప్రాసెసరు ఆగి పై కాపరిని పిలుస్తుంది. పై కాపరి ఆ పేజీని తీసుకొని, నమ్మకమైన ప్రోగ్రాముల ముద్రల జాబితాతో పోల్చి చూస్తుంది. పోలిక కుదిరితే ‘నడపవచ్చు, రాయరాదు’ అని గుర్తు మారుస్తుంది. తరువాత ఎవరైనా ఆ పేజీలో రాయబోతే యంత్రం మళ్ళీ ఆగుతుంది. అప్పుడు రాయడానికి అనుమతిచ్చి, నడిపే అనుమతిని వెనక్కు తీసుకుంటుంది. మళ్ళీ నడపాలంటే మళ్ళీ పరీక్ష తప్పదు.

ఇందులోని సొగసు చూడండి. అతిథి తన పట్టికలో ఏమి రాసుకున్నా, ఏ పేరు దాచినా పై కాపరికి పట్టదు. ఆదేశం నడవాలంటే ప్రాసెసరు దగ్గరికి రాక తప్పదు, వస్తే పట్టిక దాటక తప్పదు. దాక్కున్నవాడు దాక్కొన్నంతసేపు ఏమీ చేయలేడు, చేయబోతే బయటపడతాడు. పరిశీలించిన క్షణానికీ నడిచే క్షణానికీ మధ్య పాఠం మార్చే అవకాశం కూడా లేదు. చాలా అనువర్తనాలలో దీనివల్ల తగ్గిన వేగం 3 శాతం లోపేనని వారు కొలిచి చెప్పారు.

పోలికలో ఒక చిక్కు ఉంది. విండోస్ ప్రోగ్రాములు జ్ఞాపకంలో వేరే చోట దిగవలసి వచ్చినప్పుడు తమలోని చిరునామాలను సవరించుకుంటాయి. అప్పుడు పాఠం నిజమైనదే అయినా ముద్ర కుదరదు. పాఠాంతరాన్ని ప్రక్షిప్తమని పొరబడే ప్రమాదమిది. అందుకని పాటగోనిక్స్ ఆ సవరణలను వెనక్కు తిప్పి, మూలరూపానికి తెచ్చి పోలుస్తుంది. మంచి పరిష్కర్త లేఖన సంప్రదాయ భేదాలను తీసివేసి పాఠాన్ని పోల్చినట్లే!

ప్రాసెసర్ల తయారీదారులు కూడా తోడయ్యారు. 2007లో ఏఎండీ, 2008లో ఇంటెల్ రెండంచెల పేజీ పట్టికలను ప్రవేశపెట్టడంతో నీడ పట్టికలు రాసే శ్రమ తప్పింది. మొదటి అంచె అతిథిది, రెండవ అంచె పై కాపరిది. 2015లో మైక్రోసాఫ్ట్ విండోస్ 10లో ఇదే సూత్రాన్ని కెర్నెల్ రక్షణకు వాడింది. సంతకం సరిచూసిన పేజీలకు మాత్రమే రెండవ అంచెలో నడిచే అనుమతి దొరుకుతుంది. సరిచూసే భాగం మామూలు కెర్నెల్‌కు అందని వేరొక ప్రదేశంలో ఉంటుంది. 2021లో వచ్చిన విండోస్ 11ను తగిన యంత్రాల మీద కొత్తగా స్థాపిస్తే ఈ రక్షణ దానంతటదే పనిచేస్తుంది. సెట్టింగులలో ‘మెమొరీ ఇంటెగ్రిటీ’ అనే పేరుతో కనబడేది ఇదే.

దీనితో సర్వం సిద్ధించిందా అంటే, లేదు. 2007లోనే హోవావ్ షాకమ్ ఒక విచిత్రాన్ని చూపాడు. పరాయి ఆదేశం ఒక్కటైనా చొప్పించకుండా, ఉన్న మంచి ప్రోగ్రాములోని తునకలనే వేరే వరుసలో నడిపించి కోరిన పని చేయించుకోవచ్చు. ఇంటెల్ వర్గపు యంత్రభాషలో ఆదేశాల పొడవు ఒక్కతీరుగా ఉండదు. అందువల్ల ఆదేశం నడుమ నుంచి చదవడం మొదలుపెడితే వేరే ఆదేశం వస్తుంది. మనకిది సభంగశ్లేష! పింగళి సూరన రాఘవపాండవీయంలో పదాలను ఒక తీరున విరిస్తే రామకథ, మరొక తీరున విరిస్తే భారతకథ. అక్షరం మారలేదు గనుక ముద్ర కుదురుతుంది, అర్థం మాత్రం పూర్తిగా మారిపోయింది. పుటను సరిచూసే కాపరి చదివే తీరును సరిచూడలేడు. దానికి వేరే రక్షణలు వెతకవలసి వచ్చింది. పైగా నిజమైన సంతకంతో వచ్చిన డ్రైవరులోనే లోపం ఉంటే, దొంగ దాన్నే తెచ్చి వాడుకుంటాడు. ముద్ర చెప్పేది ‘ఇది ఫలానావారి పాఠమే’ అని మాత్రమే. ఆ పాఠం మంచిదా కాదా అన్నది దాని పరిధి కాదు.

ఇక మిగిలింది జాబితా సంగతి. పోల్చడానికి మూలప్రతి ఉండాలి. ఏది మూలప్రతి అని నిర్ణయించే అధికారం ఎవరిది? నా దగ్గర ఒక పాత తెలుగు ముద్రణ సాఫ్టువేరు ఉన్నది. యూనికోడ్ రాక పూర్వం నేనూ, నా మిత్రులూ టైపు చేయించుకున్న శతకాలు, వ్యాకరణ పాఠాలు దాని సొంత ఖతిలో చిక్కుకొని ఉన్నాయి. దానితో వచ్చిన తాళంచెవి పరికరానికి ఒక డ్రైవరు కావాలి. ఆ డ్రైవరు రాయగలిగే పేజీలనే నడపాలనుకొనే పాత రకానిది. కొత్త యంత్రంలోని పై కాపరి దాన్ని లోపలికి రానివ్వలేదు. న్యాయంగా చూస్తే కాపరిది తప్పు కాదు, నియమం నియమమే. కాని ఆ డ్రైవరును సవరించవలసిన తయారీదారు ఇప్పుడు లేరు, పుస్తకాలు మాత్రం నావి. రక్షణను ఆపివేసే మీట సెట్టింగులలో ఉన్నది గనుక, అంతర్జాలానికి కలపని ఒక యంత్రాన్ని ఇందుకోసం విడిగా పెట్టుకొని, పుట పుటా యూనికోడ్‌లోకి మార్చుకుంటున్నాను. ఇప్పటికి సగం పైగా అయింది.

ఆ మీట లేకపోతే? ఫోనులలోనో, మరే ఇతర యంత్రాలలోనో వాడుకరికి ఆ మీట అందకుండా చేస్తే? దొంగను ఆపే పట్టికే యజమానినీ ఆపగలదు. సాంకేతికంగా ఈ రెండింటికీ భేదం లేదు. ఒక పేజీకి ఒక గుర్తు, అంతే. భేదమంతా ఆ జాబితాను రాసేవాడు ఎవరికి జవాబుదారీ అన్నదానిలో ఉన్నది. పరిష్కర్త ప్రక్షిప్తమని తీసివేసిన పద్యాన్ని కూడా అధస్సూచికలో అచ్చువేయడం మన పండితుల మంచి సంప్రదాయం. తీర్పు ఆయనది, దాన్ని తిరిగి చూసుకొనే హక్కు చదువరిది. పై కాపరి విషయంలోనూ మనం అడగవలసింది ఆ హక్కునే అని నా అభిప్రాయం. మీ కంప్యూటరులో ఈ రక్షణ ఉంటే ఉండనివ్వండి, మంచిదే. దాని మీట ఎక్కడున్నదో మాత్రం ఒకసారి చూసి పెట్టుకోండి. పాత ఖతులలో చిక్కుకున్న తెలుగు రాతలు మీ ఇళ్ళలోనూ ఉంటే, వాటిని తెరిచే యంత్రాలు పనిచేస్తూ ఉండగానే యూనికోడ్‌లోకి మార్చుకోండి.